బిడ్డకి ఆయాసం, ఇంట్లో చుట్ట. డాక్టరమ్మ నాకు చెప్పింది సరే, నేను మామయ్యకి ఎట్లా చెప్పేది?

కావలి కోడలు (రాత్రి 10:52)

అందరికీ నమస్తే. మాది కావలి పక్కన పల్లె. మా అబ్బోడికి రెండున్నర ఏళ్లు. ఈ చలికాలంలో నాలుగోసారి ఆయాసం వచ్చింది. రాత్రి పడుకుంటే పిల్లికూతలు, తెల్లారేసరికి డొక్కలు ఎగరేస్తా ఉంటాడు. ఎత్తుకుని పరిగెత్తేది, నెబులైజర్ పెట్టించేది, పదిరోజులు బాగుండేది, మళ్లీ మొదలు.

మొన్న టౌన్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయినాం. ఛాతీ విని, తల ఎత్తకుండానే "ఇంట్లో పొగ తాగేవాళ్లు ఉన్నారా?" అని అడిగింది. ఉండారమ్మా, మామయ్యది చుట్ట, మా ఆయనది సిగరెట్ అన్నా. "చదువుకున్నదానివి, బిడ్డ పక్కన పొగ పెట్టుకుని మందులకి నా దగ్గరికొస్తే ఏం లాభం?" అనింది. వెనకాల కూర్చున్నోళ్లంతా విన్నారు. మా ఆయన బయట బండి దగ్గర నిలబడుండాడు. మామయ్య ఇంటికాడ ఉండాడు. మాటలు మాత్రం నాకు.

ఆమె చెప్పింది తప్పని నేననను. బిడ్డ వసారాలో తాత పక్కనే నవారు మంచం మీద నిద్రపోతాడు. తాత లేకపోతే కన్ను మూయడు. నిన్న సాయంత్రం తలకి పోశా. పొద్దున ఎత్తుకుని తల మీద ముద్దు పెట్టుకుంటే చుట్ట వాసన. ఒక్క రాత్రిలో!

మామయ్య మంచోడు. అత్తమ్మ పోయినాక ఆయనకి మిగిలింది ఆ చుట్ట, ఈ బిడ్డ. ఆ రెండిట్లో ఒకటి వదిలిపెట్టమని కోడలు నోటితో ఎట్లా చెప్పేది? ఎవురికన్నా ఇట్లాంటిది జరిగిందా? ఎట్లా చెప్పినారు?

ఆత్మకూరు అన్న (రాత్రి 11:15)

చెల్లెమ్మా, మా ఇంట్లోనూ ఇదే. కిటికీలు తీసిపెట్టి ఫ్యాన్ వేస్తే పొగ పోతుంది. లేకుంటే పక్క గదిలో తాగమను. అంత గొడవ అక్కర్లేదు.

పిల్లల డాక్టర్, ఒంగోలు (ఉదయం 6:40)

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ మాటలు మీరు పడాల్సినవి కావు.

నేను పదిహేనేళ్లుగా పిల్లల వైద్యం చేస్తున్నాను. మొదట్లో నేనూ అట్లాగే మాట్లాడేవాణ్ని. ఒక తల్లి తన పాపని ఆయాసంతో మాటిమాటికీ తెచ్చేది. మూడోసారి కోపం ఆపుకోలేక "మీ ఇంట్లో పొగ ఆగేదాకా నా దగ్గరికి రావద్దు" అన్నాను. ఆమె నిజంగానే రాలేదు. ఆ పాపని తర్వాత ఎవరు చూశారో, ఎట్లా ఉందో నాకు తెలియదు. ఆ తల్లి మొహం నాకింకా గుర్తుంది. సిగరెట్ తాగేది ఆమె కాదు, ఆపగలిగేది కూడా ఆమె కాదు. అయినా నా ఎదురుగా ఉన్నది ఆమే కాబట్టి ఆమెనే అన్నాను.

ఇప్పుడు నా పద్ధతి వేరు. జ్వరం ఎన్నాళ్ల నుంచి, పాలు తాగుతున్నాడా అని అడిగినట్టే, బిడ్డ ఏ జబ్బుతో వచ్చినా ఈ ప్రశ్న కూడా అడుగుతాను. "బిడ్డతో ఎక్కువసేపు ఉండేది ఎవరు? వాళ్లలో ఎవరికైనా బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటుందా?" అంతే. గొంతు మార్చను. ఉందంటే "ఆయన్ని ఒక్కసారి లోపలికి పిలుస్తారా?" అంటాను. చాలాసార్లు ఆ తండ్రి బయట బండి దగ్గరే ఉంటాడు, మీ ఆయనలాగే. ఆయన చెవులకి స్టెతస్కోప్ పెట్టి బిడ్డ ఛాతీ వినిపిస్తాను. ఆ పిల్లికూత సొంత చెవులతో విన్న తండ్రికి నేను పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో పెద్దవాళ్లలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారని తేలింది. ఇల్లు విడిచిపోలేని పసిపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. అంతకుముందు ఏడాదిలో వైద్యం కోసం వెళ్లిన పొగ తాగేవాళ్లలో 48.8 శాతం మందికే "మానేయండి" అనే సలహా అందింది. మిగతా సగం మందికి మేం ఆ మాటే చెప్పలేదు. మా వృత్తిలో వాళ్లం తలదించుకోవాల్సిన అంకె అది.

ఆత్మకూరు అన్నగారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఫ్యాన్ పొగని ఇల్లంతా తిప్పుతుంది తప్ప తీసేయదు. పక్క గదిలో తాగినా తలుపు సందుల్లోంచి వస్తుంది. పొగాకు పొగలో ఏడువేలకు పైగా రసాయనాలున్నాయి, అందులో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే మోతాదు లేదు. పసిబిడ్డల గాలిగొట్టాలు సన్నం, ఊపిరి మనకంటే వేగం, అందుకే ఒంటి బరువుతో పోల్చుకుంటే మనకంటే ఎక్కువ గాలి లోపలికి పోతుంది. ఆయాసం ఎక్కువవడం, నిమోనియా, మళ్లీ మళ్లీ చెవిలో చీము, ఏడాదిలోపు పసికందులైతే నిద్రలోనే ఉన్నట్టుండి ప్రాణం పోవడం, వీటన్నిటికీ పక్కవాళ్ల పొగతో సంబంధం ఉంది.

ఇక మీరు రాసిన ఆ తల వాసన. పొగ ఆరిపోయాక కూడా దానిలోని నికోటిన్, మిగతా విషాలు దుప్పటికి, దిండుకి, గోడకి, మనిషి చొక్కాకి, బిడ్డ జుట్టుకి పట్టుకుని ఉంటాయి. పిల్లలు అవన్నీ ముట్టుకుని వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. వాసన వస్తోందంటే అది అక్కడ ఉన్నట్టే.

బిడ్డకి రాసిన ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా ఆపొద్దు. పొగ ఆగాలి, మందూ సాగాలి. డొక్కలు లోపలికి లాగుతున్నా, తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

పాతకాలం మనిషి, వెంకటగిరి (ఉదయం 8:05)

మా నాయన 80 ఏళ్లు బతికాడు, నోట్లో చుట్ట దిగింది లేదు. మేం ఏడుగురం ఆ పొగలోనే పెరిగాం. ఇప్పుడు అన్నిటికీ భయపెట్టడం ఎక్కువైపోయింది.

గూడూరు టీచర్ (ఉదయం 8:31)

పెద్దాయనా, మీ ఇంట్లో ఏడుగురూ బాగున్నారంటే సంతోషం. మా అమ్మకి తొమ్మిది కాన్పులు. ఐదుగురం మిగిలాం. పోయిన నలుగురిలో ఇద్దరు "ఎగపోతతో పోయారు" అని అమ్మ చెప్పేది. కారణం పొగే అని నేను చెప్పలేను, అప్పుడు చూసిన డాక్టరే లేడు. కానీ మిగిలిన మేం బాగున్నాం కదా అని ఆ ఇద్దరినీ లెక్కలోంచి తీసేయలేను.

పాతకాలం మనిషి, వెంకటగిరి (ఉదయం 9:20)

ఆ మాట నిజమే తల్లీ. మా ఇంట్లో కూడా ఒక చెల్లెలు పోయింది. దాన్ని లెక్కలో చెప్పలేదు నేను.

ఏఎన్ఎం, పొదిలి వైపు (మధ్యాహ్నం 2:18)

చెల్లీ, నీ పోస్టు చదివాక డ్యూటీలో కూడా అదే ఆలోచన. ఏఎన్ఎం అంటే ఊళ్లో తిరిగే నర్సే, మా పని ఇళ్లలోనే కాబట్టి ఇట్లాంటి ఇళ్లు రోజూ చూస్తాను.

ఒక విషయం చెప్తా. ముప్పై దాటినవాళ్లకి ఆశా కార్యకర్త ఇంటికెళ్లి ఒక ఫారం నింపుతుంది. అందులో పొగాకు ప్రశ్న ఉంటుంది. అలవాటు లేకపోతే సున్నా, అప్పుడప్పుడు అయితే 1, రోజూ అయితే 2 మార్కులు. మొత్తం 4 దాటితే ముందు పిలిచి బీపీ, షుగర్ చూడాలి. మంచి ఫారమే. కానీ అది ఆ పెద్దమనిషి గుండె కోసం పెట్టిన లెక్క. అదే వసారాలో ఆడుకునే బిడ్డకి నెలకోసారి ఆయాసం వస్తోందన్న సంగతి ఇంకో రిజిస్టర్లో ఉంటుంది. ఈ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. చూడాల్సింది మేమే. నేను కూడా చాలా ఏళ్లు చూడలేదు.

రెండేళ్ల కింద ఒక ఇంట్లో పాప, అదీ రెండేళ్లదే. తాత వసారాలో బీడీ కాలుస్తా కూర్చుని ఉన్నాడు, పాప ఆయన ఒళ్లో. కోడలు నాకు కళ్లతోనే సైగ చేసింది, మీరన్నా చెప్పండి అని. నేను ఆయన పక్కన కూర్చున్నా. ఆయన చేతికి పాత వాచీ ఉంది, సెకన్ల ముల్లు తిరుగుతా ఉంది. "పెద్దయ్యా, నేను వాచీ చూస్తా. పాప పొట్ట ఎన్నిసార్లు ఎగురుతుందో మీరు లెక్కపెట్టండి, నిమిషం అయ్యాక చెప్తా" అన్నా. బీడీ పక్కన పెట్టి, పాప గౌను పైకి జరిపి, పెదాలు కదుపుతా లెక్కపెట్టాడు. 54. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకి నిమిషానికి 40 దాకా వచ్చిందంటే మేం దాన్ని వేగం కిందే లెక్కేస్తాం, ఆయనకి అదే చెప్పా. ఆయన నమ్మలేదు. "నేనే తప్పు లెక్కపెట్టాను, మళ్లీ చూద్దాం" అన్నాడు. మళ్లీ 54. అప్పుడు ఆ బీడీ వైపు చూశాడు. నేను ఇంకా బీడీ మాటే ఎత్తలేదు.

ఆ రోజు బీడీ మానమని చెప్పలా. పాపని పీహెచ్‌సీకి పంపించా. ఆయనతో ఒక్కటే అడిగా: "ఈ గడప లోపల, ఈ వసారాలో, పాప ఒళ్లో ఉన్నప్పుడు వద్దు. ఆ చింతచెట్టు కిందికెళ్లి కాల్చుకోండి. వచ్చాక చేతులూ మొహమూ కడుక్కుని, పై కండువా మార్చుకుని పాపని ఎత్తుకోండి." చింతచెట్టు దాకా నడవాలంటే ఆయనకి మోకాళ్ల నొప్పి. రోజుకి పదిహేను కాల్చేవాడు ఆరుకొచ్చాడు. పూర్తిగా మాత్రం మానలేదు, ఉన్నదున్నట్టు చెప్తున్నా. కానీ ఆ తర్వాత వర్షాకాలంలో ఆ పాపకి ఒక్కసారే ఆయాసం వచ్చింది.

నువ్వు మీ మామయ్యకి చెప్పనక్కర్లేదు చెల్లీ. నీ నోటితో చెప్తే కోడలి మాట అవుతుంది. మీ సచివాలయం ఏఎన్ఎంకి చెప్పు, వచ్చి మాట్లాడమను. బుధవారం, శనివారం టీకాల రోజు అయితే తాతనే బిడ్డని తీసుకురమ్మను.

బ్యారన్ రైతు, కొండపి (సాయంత్రం 7:44)

నేను చదువుతా ఉన్నా కానీ రాద్దామా వద్దా అనుకున్నా. మాది పొగాకు ఇల్లు. ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ ఉంది, లైసెన్సు ఉంది. మా పిల్లల చదువులు, చెల్లెలి పెళ్లి, అన్నీ వేలం కేంద్రంలో బేళ్లు అమ్మిన డబ్బులే.

మా మనవరాలిని ఒక చోట చూపిస్తే అక్కడి డాక్టరు "మీరు పండించేదే విషం, ఇంక పిల్లలకి జబ్బు రాకపోతే ఏమొస్తది" అన్నాడు. లేచి వచ్చేశాం. ఆయన ఆ మాట తర్వాత చెప్పిందేదీ నా చెవికెక్కలా. ఇంట్లో సిగరెట్ తాగేది నేనే. ఆ రోజు ఆయన ఒక్క నిమిషం బిడ్డ గురించి మాట్లాడి ఉంటే ఆరోజే విని ఉండేవాణ్ని. ఇంకో ఏడాది పట్టింది నాకు.

విన్నది మా ఊరి నర్సమ్మ మాట. "పంట సంగతి పొగాకు బోర్డు, మీరు చూసుకోండి. నేను బిడ్డ సంగతి మాట్లాడతా" అంది. ఆ మాటకి మనసు దిగింది. అసలు పొగాకు గురించి మాకు తెలియందేం ఉంది? మంచు తడి ఆరకముందే ఆకు విరిస్తే కూలోళ్లకి తల తిరుగుడు, వాంతులు. ఆకులో ఉండే నికోటిన్ తడితో పాటు చర్మంలోకి దిగుతుంది. చేతులకి, ఒంటికి అడ్డం కట్టుకోకపోతే ఆ రోజు అన్నం సహించదు. పచ్చి ఆకే పెద్ద మనిషిని పడేస్తుంటే, కాల్చిన పొగ పసిబిడ్డని ఏం చేస్తుందో మాకు ఒకరు చెప్పాలా? చెప్పే పద్ధతిలో చెప్పాలి, అంతే.

తల్లీ, మీ మామయ్యకి తెలియక కాదు. ఎవరో ఒకరు గౌరవంగా అడగాలి.

దర్శి యువకుడు (సాయంత్రం 8:10)

ఇంట్లో తాగితే కేసు పెట్టే చట్టం లేదా?

గూడూరు టీచర్ (సాయంత్రం 8:26)

లేదు తమ్ముడూ. 2003 పొగాకు చట్టం కింద 2008 అక్టోబర్ 2 నుంచి బస్టాండు, ఆస్పత్రి, ఆఫీసు, హోటలు లాంటి చోట్ల నిషేధం. 200 రూపాయల దాకా జరిమానా. బడికి వంద గజాల లోపు అమ్మకూడదు. ఇల్లు ఆ చట్టంలోకి రాదు. అందుకే చెప్పేవాళ్ల మాట మీదే ఆధారపడాలి.

కావలి కోడలు (రాత్రి 9:50)

అక్కా, పెద్దాయనా, డాక్టర్ గారూ, చదువుతా చదువుతా ఏడ్చేశా. మూడు సంగతులు అడగాల.

మామయ్య సగం కాల్చిన చుట్ట ఆర్పి గోడ గూట్లో పెడతాడు. మొన్న అబ్బోడు ఆ పీక తీసి నోట్లో పెట్టుకుని తాత మాదిరి కూర్చున్నాడు. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలా. దానివల్ల ఏమన్నా అవుతుందా?

రెండోది, నీళ్లు పోసినాక సాంబ్రాణి వేస్తాం. అది మంచిదే కదా? రాత్రికి దోమల చక్రం పెట్టకపోతే మా వైపు నిద్ర లేదు.

మూడోది, నాకు రెండో నెల. ఇంకా ఎవురికీ చెప్పలా.

పిల్లల డాక్టర్, ఒంగోలు (రాత్రి 10:35)

మూడో సంగతి ముందు. శుభం అమ్మా. గర్భిణి పక్కన పొగ ఉంటే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. మొదటిసారి చూపించుకునేటప్పుడు ఇంట్లో పొగ ఉందని మీరే చెప్పండి, వాళ్లు అడిగినా అడగకపోయినా.

చుట్ట పీక సంగతి చాలా ముఖ్యం. నమిలి మింగితే పసిపిల్లలకి నికోటిన్ విషమే. చొంగ, వాంతులు, మత్తు, ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. అట్లా జరిగితే ఆ పీక కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి. ఈ రాత్రే ఆ గూడు ఖాళీ చేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించండి. మామయ్యగారికి ఇది చెప్పడం కష్టం కాదు, బిడ్డ నోట్లో పెట్టుకున్నాడని ఆయనా చూశారు.

సాంబ్రాణి మన ఇళ్లలో పెద్దల నుంచి వస్తున్నదే, కానీ పిల్లికూతలున్న బిడ్డకి ఏ పొగా వద్దు. తల తువ్వాలుతో తుడిచి ఎండలో కాసేపు కూర్చోబెట్టండి. ఇక దోమల చక్రం. ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నటి దుమ్ము 75 నుంచి 137 సిగరెట్ల దాకా సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. దోమతెర కట్టండి. తాత మంచానికి కూడా కట్టండి, బిడ్డ పడుకునేది అక్కడే కదా.

మానేసి ఆరేళ్లు, నెల్లూరు (రాత్రి 11:02)

వదినా, నేను లారీ నడుపుతాను. రోజుకి రెండు పెట్టెలు. పాప పుట్టాక మానేశా. ఇది మీ ఆయన కోసం రాస్తున్నా, చదివించు.

అన్నా, సిగరెట్ పెట్టె మీద ఒక నంబరు ఉంటుంది, 1800-11-2356. నేను దాన్ని చాన్నాళ్లు చూసి కూడా చూడనట్టే ఉన్నా. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. తిట్టరు. మానే తేదీ మనతోనే పెట్టిస్తారు, తర్వాత వాళ్లే ఫోన్ చేసి ఎట్లా ఉందని అడుగుతారు. మొదటి మూడు రోజులు నరకం. ఊరికే కోపం, తలనొప్పి, నిద్ర పట్టదు. రెండు మూడు వారాలకి తగ్గిపోతుంది. తాగాలనిపించే ఆ దెబ్బ ఐదు పది నిమిషాలే ఉంటుంది, అది దాటించాల. నాకు టీ తాగినాక వచ్చేది. టీ మాని మజ్జిగ తాగా కొన్నాళ్లు. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టా, మళ్లీ ఆపా. మూడోసారి నిలిచింది.

కావలి కోడలు (తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 9:15)

చెప్పాల్సినవి చానా ఉన్నాయి.

మా సచివాలయం ఏఎన్ఎం అక్క వచ్చింది. నేను ముందే ఫోన్లో చెప్పి పెట్టినా. మామయ్య పక్కన కూర్చుని, పొలం ఎట్లా ఉంది, మోకాలు ఎట్లా ఉంది అని మాట్లాడి, పొదిలి అక్క చెప్పినట్టే పొట్ట లెక్కపెట్టించింది. ఆ రోజు అబ్బోడు బాగానే ఉండాడు, 32 వచ్చింది. "ఆయాసం వచ్చినరోజు ఇదే లెక్క పెట్టి నాకు చెప్పాల, ఆ పని మీదే" అని మామయ్యకి అప్పజెప్పింది. మామయ్య దాన్ని ఎంత పట్టించుకున్నాడంటే, పొద్దున, సాయంత్రం లెక్కపెట్టి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాస్తా ఉండాడు. మంచం వసారాలోనే ఉంది, చుట్ట మాత్రం ఇప్పుడు పశువుల కొట్టం అవతల. గూడు ఖాళీ. దోమతెర కట్టినాం.

ఒక రాత్రి వానకి బయటికి పోలేక వసారాలోనే వెలిగించినాడు. అబ్బోడు లేచి "తాతా, కొట్టం" అన్నాడు. మామయ్య ఆర్పేసి కండువా మార్చుకుని వచ్చి పడుకున్నాడు. ఎవురూ ఏమీ అనలా.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ పోయినాం. ఈసారి మా ఆయన్ని లోపలికి రమ్మన్నా. పోయిన తడవ అందరి ముందర మీరన్న మాట నాకు బాధ కలిగించిందని కూడా ఆమెతో చెప్పినా. చేతులు వణికినాయి. ఆమె నా వైపు చూసి "నిజమే అమ్మా, నీతో అట్లా అనకూడదు" అనింది. తర్వాత మా ఆయనతో పది నిమిషాలు మాట్లాడింది.

ఏఎన్ఎం, పొదిలి వైపు (రాత్రి 9:41)

క్యాలెండర్ ఆలోచన మీ మామయ్యది. నేను రేపటి నుంచి మా ఊళ్లో కూడా పెట్టిస్తా.

కావలి కోడలు (రాత్రి 10:20)

ఇది రాసేది ఆమె కాదు, వాళ్లాయన్ని. ఆమె ఫోన్ నుంచే రాస్తున్నా. ఆ లారీ అన్న రాసింది చదివా. నంబరుకి ఫోన్ చేశా. వచ్చే సోమవారం తేదీ పెట్టుకున్నాం. డాక్టరమ్మ నికోటిన్ గమ్ వాడమంది. మందుల షాపులో తెచ్చుకున్నా కానీ నమిలితే గొంతు మండి ఎక్కిళ్లు వచ్చినాయి. అట్లానే ఉంటుందా?

మానేసి ఆరేళ్లు, నెల్లూరు (రాత్రి 10:33)

అన్నా, మామూలు గమ్ మాదిరి నమలకూడదు. నాలుగైదుసార్లు నిదానంగా నమిలితే మిరియం ఘాటు తగుల్తుంది. అప్పుడు ఆపి చెంపకి, చిగురుకి మధ్య పెట్టుకో. ఘాటు తగ్గినాక మళ్లీ రెండుసార్లు నములు. అరగంట దాకా అట్లాగే. గమ్ నోట్లో పెట్టుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ వద్దు, మందు పనిచేయదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాడివైతే 2 మిల్లీగ్రాములది చాలకపోవచ్చు, ఇంకో రకం ఉంది, అది డాక్టరమ్మనే అడిగి రాయించుకో. నమిలింది కాగితంలో చుట్టి పారేయి, పెట్టె అబ్బోడికి అందకుండా పైన పెట్టు.

సోమవారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఆ టైముకి గూడూరు దాటి ఉంటా, బండి పక్కకి ఆపి మాట్లాడతా.